పల్లీలు, నువ్వులు పడని పిల్లాడున్న ఇంట్లో వంటగది మార్చుకోవడం ఎలా

మా చిన్నోడికి పల్లీలు, నువ్వులు రెండూ పడవు. మాది వరంగల్ వైపు, ఉండేది మల్కాజిగిరిలో. పొద్దున ఇడ్లీలోకి పల్లీ చట్నీ, మధ్యాహ్నం వంకాయ కూరలో నువ్వుల పొడి, సంక్రాంతికి సకినాలు, సద్దుల బతుకమ్మకు నువ్వుల సద్ది. ఈ రెండూ తీసేస్తే ఇంక వండుకోవడానికి ఏముంటుందని చుట్టాలంతా బెంగపడ్డారు. ఉంటుంది, చాలా ఉంటుంది. మీ ఇంట్లో కూడా ఈ మధ్యే డాక్టర్ ఇదే మాట చెప్పి ఉంటే, మేం ఏమేం మార్చుకున్నామో చెప్తాను. పడని వస్తువు వేరేదైనా పద్ధతి చాలావరకు ఇదే.

ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "వాడికి వేరే వండుదాం, మనం మామూలుగా తిందాం" అనే ఏర్పాటు పెట్టుకోకండి. ఒకే పొయ్యి, ఒకే మిక్సీ, ఒకే సింక్ ఉన్న ఇంట్లో అది నిలవదు. పళ్ళెంలో కనపడే పల్లీని పిల్లాడే చూసి పక్కన పెడతాడు. చట్నీ గిన్నెలోంచి తీసి సాంబారులో ముంచిన గరిటె మాత్రం ఎవరి కంటికీ కనపడదు. అందుకే మా ఇంట్లో ఆ రెండూ గడప దాటి లోపలికి రావు. మా అత్తమ్మకు నువ్వుల పొడి లేనిదే ముద్ద దిగేది కాదు. ఆవిడే ముందుగా మానేశారు. ఎప్పుడైనా తినాలనిపిస్తే మా ఆడపడుచు ఇంట్లో తింటారు, వచ్చాక నోరు, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మనవణ్ని దగ్గరికి తీసుకుంటారు.

పరీక్ష సంగతి

ఏది పడదో ఊహించుకుని వంటగది మార్చకండి. అలర్జీ చూసే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఏం తిన్నాక, ఎంతసేపటికి, ఏమైంది అనేది రాసుకుని వెళ్తే సగం పని అయినట్టే. ఆ వివరాలకు తోడుగా చర్మం మీద గుచ్చి చూసే ప్రిక్ టెస్ట్, రక్తంలో ఐజీఈ (అలర్జీ కలిగించే యాంటీబాడీ) పరీక్ష చేస్తారు. రిపోర్టులో పాజిటివ్ అని ఉన్నంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. తింటే ఏమీ కాని వస్తువుకు కూడా పాజిటివ్ రావచ్చు.

వందల రకాల తిండి ఒకేసారి చూస్తామని అమ్మే ఐజీజీ (ఇది ఇంకో రకం యాంటీబాడీ) రక్తపరీక్ష ప్యాకేజీలకు డబ్బులు పెట్టకండి. ఐజీజీ చాలావరకు ఆ వస్తువు మనం తింటున్నామని చెప్తుందే తప్ప అది పడదని కాదు. ఐరోపా, అమెరికా అలర్జీ వైద్యుల సంఘాలు కూడా దాన్ని వాడొద్దనే చెప్తున్నాయి. ఆ లిస్టు పట్టుకుని పాలు, గోధుమలు, పప్పులు అన్నీ మానిపిస్తే ఎదిగే పిల్లలు ఎండిపోతారు.

పల్లీ కూడా పప్పుజాతిదే కాబట్టి కంది, పెసర కూడా ఆపేయాలా అని నేనూ అడిగాను. పల్లీలు పడనివాళ్ళలో చాలామంది మిగతా పప్పులు మామూలుగా తినగలరు. మా వాడు అన్నీ తింటాడు. మీ పిల్లల విషయంలో డాక్టర్ని అడిగి తేల్చుకోండి.

ఏవి తీసేయాలి, ఏవి కడిగితే చాలు

పల్లీల డబ్బా, నువ్వుల డబ్బా, రెండు నూనెలు, పొడులు, ఎవరో పెట్టిచ్చిన పచ్చళ్ళు తీసేయడం పెద్ద పనేం కాదు. అసలు పని పాత్రల దగ్గర మొదలవుతుంది.

మిక్సీ జార్ మూతకుండే రబ్బరు ఊడదీసి చూడండి. ఆ గాడిలో పాత చట్నీ ఎండిపోయి గోధుమరంగు పొరలా అంటుకుని ఉంటుంది. జార్‌ను వెలుతురుకు పెట్టి బ్లేడు కింద, ఇరుసు చుట్టూ టూత్‌పిక్‌తో గీకండి. అక్కడా అదే పిండి వస్తుంది. రోజూ తోమే జారే, కానీ స్క్రబ్బర్ ఆ సందులోకి పోదు. రబ్బరు, బ్లేడు మిక్సీ రిపేరు షాపులో కొత్తవి వేస్తారు. పెద్ద జార్‌కు అలా వేయించాం. చట్నీ చేసే చిన్న జార్ మాత్రం ఇచ్చేసి కొత్తది తెచ్చాం, ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

స్టీలు, గాజు, పింగాణీ పాత్రలు సబ్బుతో బాగా తోమి కడిగితే చాలు. చెక్క గరిటెలు, రొట్టెల పీట, చాట, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, నూనె వాసన పోని ప్లాస్టిక్ డబ్బాలు మార్చేయండి. రోలు గురించి మా ఇంట్లో చాలా మాటలు నడిచాయి. అది అత్తమ్మ పుట్టింటి నుంచి వచ్చింది. రాయి గరుకులో ఏళ్ళ తరబడి నూరిన నువ్వుల నూనె ఇంకి ఉంటుంది, అది ఎంత కడిగినా పోయిందని నమ్మకంగా చెప్పలేం. చివరికి మా ఆడపడుచు తీసుకెళ్ళింది.

పోపుల డబ్బాలో పల్లీల గిన్నె ఉండేదా? ఉంటే ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు అన్నీ మార్చాలి, ఎందుకంటే చెంచా ఒకటే. జల్లెడ, టీ వడకట్టే జాలీ కూడా చూడండి. మూకుడులో మిగిలిన వేయించిన నూనెను మళ్ళీ వాడకండి. గిన్నెలు తోమే స్క్రబ్బర్ కొత్తది పెట్టండి. పనిచేసే ఆవిడకు ఎందుకిలా చేస్తున్నామో కూర్చోబెట్టి చెప్పండి. మా ఇంట్లో పనిచేసే లక్ష్మమ్మ ఇప్పుడు తన టిఫిన్‌లో పల్లీ చట్నీ ఉంటే బయట మెట్ల మీదే తిని, చేతులు కడుక్కుని లోపలికి వస్తుంది. ఆమెను ఎవరూ అలా చేయమనలేదు.

చేతులకు సబ్బు, నీళ్ళే వాడండి. శానిటైజర్ క్రిములను చంపుతుంది కానీ పల్లీలోని ప్రోటీన్‌ను చేతుల మీంచి తీయలేదు. ఇంటికొచ్చే పిల్లలందరికీ మా దగ్గర ముందు సింక్ దగ్గరికే దారి.

దేవుడి అలమర మర్చిపోతారు. దీపానికి మేం నువ్వుల నూనె మానేసి ఆవు నెయ్యి, కొబ్బరి నూనె వాడుతున్నాం. పండగ తలంటుకు కూడా కొబ్బరి నూనే. ఆయుర్వేద తైలాలు చాలావరకు నువ్వుల నూనెతోనే తయారవుతాయి, మోకాళ్ళ నొప్పులకు అత్తమ్మ రాసుకునేది కూడా అదే, కాబట్టి దాన్నీ మార్చాం. తద్దినం రోజు తర్పణాలకు నువ్వులు తప్పవు. అది మా బావగారింట్లో పెట్టుకుంటున్నాం, పిల్లాణ్ని ఆ పూట మా అమ్మ దగ్గర ఉంచుతాం.

రుచి పోకుండా

మన వంటలో పల్లీ చేసే పని కూరకో రకం. చట్నీలో చిక్కదనం, పులిహోరలో కరకర, పులుసులో నూనె తేలే కమ్మదనం. దేనికోసం వేస్తున్నామో చూసుకుని దానికి తగ్గది వేస్తే పిల్లాడికీ లోటుండదు, పెద్దవాళ్ళకూ ఉండదు.

చట్నీకి మా ఇంట్లో రోజూ చేసేది ఇది. పిడికెడు శనగపప్పు, చెంచా మినప్పప్పు సన్నటి సెగ మీద ఎర్రగా వేయించి తీయాలి. అదే మూకుట్లో ఎండుమిర్చి, నాలుగు టమాటాలు, రెండు వెల్లుల్లి రెబ్బలు మగ్గబెట్టి, చిన్న చింతపండు రెబ్బ వేసి చల్లారనివ్వాలి. ముందు పప్పులు బరకగా తిప్పుకుని, తర్వాత టమాటా వేసి నూరుకోవాలి. నీళ్ళు చివర్లో, అదీ కొంచెమే. పప్పు సరిగ్గా వేగకపోతే పచ్చివాసన వస్తుంది, అక్కడ తొందరపడొద్దు. కొబ్బరి చట్నీ ఎలాగూ ఉంది.

పులిహోరకు, అటుకులకు శనగపప్పును ఇరవై నిమిషాలు నానబెట్టి, బట్ట మీద ఆరబెట్టి నూనెలో వేయించండి. పైన కరకరలాడుతూ లోపల గుల్లగా ఉంటుంది. జీడిపప్పు మాత్రం డాక్టర్ సరేనన్నాకే. పల్లీలు పడనివాళ్ళలో కొందరికి జీడిపప్పు, బాదం లాంటివి కూడా పడవు.

బగారా బైంగన్‌కు నాకు చాలా కాలం పట్టింది. పల్లీ, నువ్వులు, కొబ్బరి మూడూ కలిస్తేనే ఆ మసాలా. అందులో రెండు లేవు. ఇప్పుడు పావుకిలో చిన్న వంకాయలకు రెండు పెద్ద ఉల్లిగడ్డలు పొట్టుతోనే మంట మీద నల్లగా కాలుస్తాను. పొట్టు తీసి, మూడు చెంచాల ఎండుకొబ్బరి, రెండు చెంచాల వేయించిన శనగపప్పు, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, అల్లం వెల్లుల్లితో మెత్తగా రుబ్బుతాను. వంకాయలు నూనెలో మగ్గాక ఆ ముద్ద వేసి, నూనె విడిచేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలకుండా కలుపుతూ వేయించాలి. ఆ తర్వాతే చింతపండు పులుసు. కాల్చిన ఉల్లిగడ్డే దీనికి ప్రాణం. గసగసాలు వేయమని చాలామంది సలహా ఇస్తారు. నువ్వులు పడనివాళ్ళలో కొందరికి గసగసాలు కూడా పడవు, అడగకుండా వేయొద్దు.

సకినాలు నువ్వులు లేకుండా, వాము, జీలకర్రతో చేస్తాం. కొంచెం గట్టిగా వస్తాయి, పిండి ఇంకాస్త జారుగా కలుపుకుంటే సరిపోతుంది. సంక్రాంతికి వీధిలో అందరం కలిసి చుట్టే అలవాటుంది కదా, మా వాడివి మాత్రం అందరికంటే ముందు, మా ఇంట్లో, మా నూనెలో కాలుస్తాం. ఆ తర్వాత నేను పక్కింటికి వెళ్ళి వాళ్ళతో కూర్చుంటాను. సద్దుల బతుకమ్మ రోజు ఎవరి గిన్నెలోంచీ వాడికి పెట్టొద్దని ముందే చెప్పి, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది, మలీద ముద్దలు వాడి డబ్బాలో తీసుకెళ్తాం. పంచేటప్పుడు మా ఇంటివే అందరికంటే ఎక్కువ తీసుకుంటారు, వాడికి అదొక సంబరం.

పోషకాల గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. పల్లీల్లో 100 గ్రాములకు దాదాపు 24 గ్రాముల ప్రోటీన్ ఉంటే పెసరపప్పులోనూ ఇంచుమించు అంతే. నువ్వుల కాల్షియం మాత్రం చాలా ఎక్కువ, దానికి పాలు, పెరుగు, రాగులు చూసుకోవాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని ఇచ్చారు. వారంలో కొన్నిసార్లు రాగి జావ, రాగి దోశ మా ఇంట్లో అందుకే.

కొనేటప్పుడు

విడిగా అమ్మే సరుకు మానేయండి. బేగంబజార్‌లో అయినా మన వీధి కిరాణాలో అయినా పల్లీల బస్తా, పుట్నాల బస్తా, మరమరాల బస్తా పక్కపక్కనే ఉంటాయి, తీసే డబ్బా ఒకటే. పుట్నాలు, పల్లీలు ఒకే బట్టీలో, ఒకే ఇసుకలో వేయించే చోట్లు కూడా ఉంటాయి. అందుకే నేను పుట్నాలు కొనను. ప్యాకెట్ శనగపప్పు తెచ్చి కడిగి, ఆరబెట్టి, ఇంట్లో వేయించుకుంటాను. గిర్నీలో కూడా మన కంటే ముందు ఎవరేం పట్టించారో తెలియదు. కారం, పసుపు, జొన్నపిండి ప్యాకెట్‌వే వాడండి, లేదా ఇంట్లో చిన్న మర పెట్టుకోండి.

నూనె విషయం కాస్త వివరంగా చెప్పాలి. బాగా రిఫైన్ చేసిన పల్లీ నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు, చాలామందికి ఏమీ కాదు. గానుగ నూనెలో ప్రోటీన్ మిగులుతుంది. నగరంలో ఇప్పుడు ఎక్కడ చూసినా గానుగలే, ఒకే గానుగలో పల్లీ, నువ్వులు, కొబ్బరి, కుసుమ వరసగా ఆడతారు. కాబట్టి కొబ్బరి నూనె అయినా గానుగది మాకు పనికిరాదు. నువ్వుల నూనె మామూలుగా రిఫైన్ చేయకుండానే అమ్ముతారు, అది పూర్తిగా వద్దు. మేం ప్యాకెట్ పొద్దుతిరుగుడు నూనె వాడతాం, మామిడికాయ పచ్చడి కూడా దాంతోనే పెడుతున్నాం. ఉప్పు తగ్గించకుండా, నూనె పైకి తేలేలా పోస్తే ఏడాది నిలుస్తోంది.

లేబుల్ ప్రతిసారీ చదవండి, ఎప్పుడూ తెచ్చే బిస్కెట్ అయినా సరే. మన దేశపు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నియమాల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు, జీడిపప్పు బాదం లాంటివి, సోయా, మోతాదు దాటిన సల్ఫైట్ ఉంటే ప్యాకెట్ మీద అలర్జీ హెచ్చరికగా వేయాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను కూడా తప్పనిసరి చేశారు, మన దగ్గర మాత్రం సరుకుల పట్టిక మొత్తం మనమే వెతుక్కోవాలి. సెసమి, తిల్, జింజెలీ, తహిని అన్నీ నువ్వులే. గ్రౌండ్‌నట్, పీనట్, అరాకిస్ అన్నీ పల్లీలే. "మసాలాలు" అని ఒక్క మాటలో తేల్చేసిన ప్యాకెట్ నేను కొనను.

వనస్పతి గురించి చాలామందికి తెలియదు. నేతిలో కల్తీ కలిపితే పట్టుకోవడానికి వీలుగా వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలపాలని మన దేశంలో చాలా ఏళ్ళు నియమం ఉండేది. బేకరీ పఫ్‌లు, బిస్కెట్లు, మిఠాయిలు చాలాచోట్ల వనస్పతితోనే చేస్తారు, అందుకే అడగకుండా పెట్టం. నూనెలో కలిపే ఇంజెక్షన్లు కొన్ని ఉంటాయి, వాటిలో పల్లీ నూనెనో నువ్వుల నూనెనో వాడేవి ఉన్నాయి. ఏ ఇంజెక్షన్ వేయించినా ముందు ఈ సంగతి చెప్పండి. గోధుమ పడని ఇంట్లో అయితే ఇంగువ డబ్బా చూడండి, చాలా కంపెనీలు గోధుమపిండి కలుపుతాయి.

బయట తినాల్సి వస్తే

టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు మాకు పూర్తిగా బంద్. అక్కడ చట్నీ అంటేనే పల్లీ, కారప్పొడిలోనూ ఉంటుంది, గరిటెలు అటూ ఇటూ మారుతూనే ఉంటాయి. బిర్యానీ పార్శిల్‌తో వచ్చే మిర్చీ కా సాలన్‌లో పల్లీ, నువ్వులు రెండూ ఉంటాయి. ఆ కవర్ కారితే అన్నం మొత్తం పాడైనట్టే, కాబట్టి సాలన్ అసలు పెట్టొద్దని ముందే చెప్పాలి. బార్కాస్ వైపు మండి తినడానికి వెళ్తే పక్కన పెట్టే హమ్మస్‌లో, షవర్మాలో వేసే తహిని నువ్వులతో చేసిందే. బర్గర్ బన్ మీద నువ్వులు కనపడతాయి, గీకేసి ఇస్తామంటే ఒప్పుకోకండి.

ఆర్డర్ యాప్‌లో నోట్ రాసి వదిలేయొద్దు, ఫోన్ చేసి వంటమనిషితోనే మాట్లాడండి. "పల్లీలు వేయకండి" అంటే చాలదు. "పల్లీలు, నువ్వులు తగిలిన గరిటె పెట్టినా బాబుకు ఊపిరాడదు, హాస్పిటల్‌కు తీసుకుపోవాలి, మీరు చేయగలిగితేనే చెప్పండి" అనండి. హిందీ మాట్లాడేవాళ్ళయితే "ఫల్లీ, తిల్ బిల్కుల్ నక్కో, బచ్చేకో సాఁస్ నై ఆతీ" అంటే వెంటనే అర్థమవుతుంది. కుదరదని చెప్పిన హోటల్ మీద కోపం తెచ్చుకోకండి, నిజం చెప్పినందుకు థాంక్స్ చెప్పి రండి. గుడిలో పులిహోర ప్రసాదం వాడు కళ్ళకు అద్దుకుని వాళ్ళ నాన్న చేతిలో పెట్టి, చేతులు కడుక్కుంటాడు.

స్కూల్లో క్లాస్ టీచర్‌కు ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. ఫోటో, బరువు, ఏం పడదు, ఏం జరిగితే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. పుట్టినరోజు చాక్లెట్ల కోసం టీచర్ దగ్గర వాడికి పనికొచ్చేవి ఒక డబ్బాలో ముందే పెట్టి ఉంచుతాం.

మందు సంచి

ఒంటి మీద దద్దుర్లు మాత్రమే అయితే డాక్టర్ ఇచ్చిన సిరప్ సరిపోవచ్చు. పెదాలు, నాలుక వాచడం, గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, ఊపిరాడకపోవడం, ఆగకుండా వాంతులు, మగతగా సోలిపోవడం కనిపిస్తే అది వేరే స్థాయి. అప్పుడు పని చేసే మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, సిట్రిజిన్ లాంటి అలర్జీ సిరప్ కాదు. విదేశాల్లో వాడే, పెన్నులా ఉండే రెడీమేడ్ ఇంజెక్షన్ మన మందుల షాపుల్లో అంత తేలిగ్గా దొరకదు, చాలామంది డాక్టర్లు ఆంపుల్ (మందు ఉండే చిన్న గాజు సీసా), సిరంజి రాసిచ్చి, బరువును బట్టి ఎంత ఎక్కించాలో గీత పెట్టి చూపిస్తారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళందరూ ఉప్పునీటి ఆంపుల్‌తో డాక్టర్ ముందే ప్రాక్టీస్ చేయండి. తొడ బయటి వైపు మధ్యలో, కండలోకి ఇవ్వాలి. ఇచ్చి 108కి ఫోన్ చేయండి. పిల్లాణ్ని పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తులో ఉంచండి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి, నడిపించకండి. తగ్గినట్టే ఉండి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టవచ్చు, కాబట్టి హాస్పిటల్‌కు వెళ్ళడం మానొద్దు.

సంచి వాడితోనే తిరగాలి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, మే నెల ఎండలో కారులో గానీ బండి డిక్కీలో గానీ వదలొద్దు, వేడికి మందు పాడవుతుంది. ఎక్స్‌పైరీ తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

పెద్దయ్యాక పోతుందా అని అందరూ అడుగుతారు. పాలు, గుడ్డు అలర్జీ చాలామంది పిల్లల్లో పోతుంది. పల్లీది దాదాపు అయిదుగురిలో ఒకరికి పోతుందని చెప్తారు. పోయిందో లేదో ఇంట్లో కొంచెం నాకించి చూడటం మాత్రం వద్దు, ఎంత అనుభవమున్న అమ్మమ్మ చెప్పినా సరే. డాక్టర్ చెప్పిన గడువుకు మళ్ళీ పరీక్ష చేయించండి, అవసరమైతే హాస్పిటల్లోనే, మందు సిద్ధంగా పెట్టుకుని, కొంచెం కొంచెంగా తినిపించి చూస్తారు. ప్రిక్ టెస్ట్‌కు ముందు అలర్జీ మాత్రలు, జలుబు సిరప్‌లు ఎన్ని రోజులు ఆపాలో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడిగి రాసుకోండి. అవి ఆపకపోతే ఫలితం సరిగ్గా రాదు.